రెండు లైన్లున్నా ఒకటి పోతే పని ఎందుకు ఆగిపోతుంది?

టాలీ_అక్క · మంగళవారం రాత్రి 9:42

నమస్తే అండీ. మాది గుంటూరు అరండల్‌పేటలో చిన్న ఆడిటింగ్ ఆఫీసు. తొమ్మిది మందిమి. నా ఉద్యోగం లెక్కలు చూడటమే, కానీ రూటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేసే ధైర్యం ఆఫీసులో నాకొక్కదానికే ఉందని నెట్‌వర్క్ కూడా నా నెత్తినే పెట్టారు.

క్లయింట్ సర్వర్ హైదరాబాద్‌లో ఉంటుంది. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వాళ్ల నెట్‌వర్క్‌లోకి వేసిన రహస్య సొరంగం) ఎక్కి, రిమోట్ డెస్క్‌టాప్‌లో (ఆ సర్వర్ తెరని మా స్క్రీన్ మీద చూపించేది) టాలీ తెరుస్తాం. వాన పడితే ఫైబర్ పోతోందని వేరే కంపెనీ లైన్ ఇంకోటి తీసుకుని, రెండు లైన్లు పట్టే రూటర్ కొన్నాం. అమ్మినాయన "ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకుంటుంది మేడమ్, మీకు తెలియను కూడా తెలియదు" అన్నాడు.

నిన్న సాయంత్రం నాలుగున్నరకి మొదటి లైన్ పోయింది. రూటర్ మీద రెండో లైట్ పచ్చగానే వెలుగుతోంది. ఆఫీస్ వైఫైలో ఉన్న నా ఫోన్‌లో యూట్యూబ్ పాట ఆగలేదు. కానీ తొమ్మిది స్క్రీన్లూ బిగుసుకుపోయాయి. వీపీఎన్ "కనెక్టెడ్" అనే చూపిస్తోంది, కర్సర్ మాత్రం కొట్టుకోవడం లేదు. అందరం వీపీఎన్ కట్ చేసి మళ్లీ ఎక్కాం. రిటర్న్‌లు వేసే రోజు కావడంతో మా సార్ మొహం చూడలేకపోయాను.

ఇంట్లోనూ ఇంతే. వీడియో కాల్ మాట్లాడుతూ మెట్లు దిగితే, వైఫై వదిలి మొబైల్ డేటాకి మారేచోట నాలుగైదు సెకన్లు అవతలి మనిషి బొమ్మలా నిలబడిపోతుంది. లైన్ మారితే మారనీ, జరుగుతున్న పని ఎందుకు ఆగాలి? రూటర్ లోపమా, లైన్ లోపమా, మాదా?

హాఫ్_నాలెడ్జ్ · 9:51

అమ్మినాయన అబద్ధం చెప్పలేదు అక్కా. రెండో లైన్ అందుకుంది. అందుకున్నట్టు మీ సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు, అంతే.

సాకెట్_సీను · 10:08

పైన జోక్‌లా ఉంది కానీ జవాబు సరిగ్గా అదే.

టీసీపీ అంటే పంపినవి వరస తప్పకుండా చేరేలా రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి. ఆ టీసీపీ కనెక్షన్‌కి సొంత పేరంటూ లేదు. నాలుగు అంకెలు కలిపితే అదే దాని పేరు: మీ వైపు ఐపీ అడ్రస్, మీ పోర్టు (ఆ మెషీన్‌లో ఏ ప్రోగ్రామ్‌దో చెప్పే నంబర్), అవతలి ఐపీ అడ్రస్, అవతలి పోర్టు. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాలు) నుంచీ ఇంతే. మొదటి లైన్ మీద ఉన్నప్పుడు హైదరాబాద్ సర్వర్‌కి మీరు ఒక అడ్రస్‌గా కనిపించారు. రెండో లైన్‌కి మారగానే ఆ కంపెనీ ఇచ్చిన అడ్రస్‌తో కనిపిస్తారు. సర్వర్ ఆ ప్యాకెట్ (మీరు పంపిన డేటా ముక్క) చూసి "నువ్వెవరో నాకు తెలియదు" అంటుంది, లేదా మాట్లాడకుండా పారేస్తుంది. పాత అడ్రస్‌కి పంపాల్సినవి మాత్రం పంపుతూనే ఉంటుంది.

ఇందాక నా లాప్‌టాప్‌లోనే చూశాను. సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి టైప్ చేస్తూ నడిపే లాగిన్) చేసి, వైఫై ఆపి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారాను. టైప్ చేసిన అక్షరాలు ఒక్కటీ పడలేదు. ఇంకో కిటికీలోంచి మళ్లీ లాగిన్ అయి చూస్తే, సర్వర్ లెక్కలో ఆ పాత కనెక్షన్ "ఎస్టాబ్లిష్డ్" అనే ఉంది. లినక్స్ మామూలు సెట్టింగ్‌లో, జవాబు రాకపోతే రెట్టింపు, రెట్టింపు సేపు ఆగుతూ 15 సార్లు మళ్లీ పంపి చూస్తుంది. చేతులెత్తేసేసరికి సుమారు 15 నిమిషాలు. పంపాల్సింది ఏమీ లేకపోతే ఇంకా ఘోరం. "ఉన్నావా?" అని అడగడానికే మామూలుగా రెండు గంటలు పడుతుంది, అదీ ప్రోగ్రామ్ ఆ కీప్ అలైవ్ పెట్టుకుని ఉంటే.

మీ వీపీఎన్ టీసీపీ మోడ్‌లో ఉందనుకుంటా. ఒకసారి చూడండి.

రూటింగ్_రావు · 10:30

రూటర్ లోపం లేదమ్మా. ఆ పెట్టె చేయగలిగింది చేసింది. మీరు అడిగేదాన్ని మా భాషలో మల్టీహోమింగ్ అంటారు, ఒకే ఇంటికి రెండు వీధుల్లోంచి దారి. దానికి రాజమార్గం ఒకటుంది: ఏ కంపెనీదీ కాని సొంత అడ్రస్‌లు తెచ్చుకుని, రెండు కంపెనీల ద్వారానూ బీజీపీలో (ఏ అడ్రస్‌కి ఏ దారో నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) ప్రకటించడం. ఒక లైన్ పోతే ప్రపంచమే రెండో దారిలో వస్తుంది. అడ్రస్ మారదు కాబట్టి కనెక్షన్ కూడా చావదు.

ఇప్పుడు ధర వినండి. మన దేశంలో అడ్రస్‌లూ ఏఎస్ నంబరూ (బీజీపీలో మీ నెట్‌వర్క్‌కి గుర్తు) ఐఆర్‌ఐఎన్‌ఎన్ (వీటిని పంచే సంస్థ) దగ్గర తీసుకోవాలి. ఐపీవీ4లో (పాత రకం ఐపీ అడ్రస్‌లు) 256 అడ్రస్‌ల ముక్క, అంటే స్లాష్ 24 కన్నా చిన్నది ప్రకటిస్తే చాలా నెట్‌వర్క్‌లు చూడనట్టే ఉంటాయి. తొమ్మిది మందికి 256 అడ్రస్‌లు. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ మీద బీజీపీ ఇమ్మంటే కస్టమర్ కేర్ అమ్మాయి ఫోన్ పెట్టేస్తుంది, లీజ్డ్ లైన్ (మీకొక్కరికే కేటాయించే లైన్) కావాలి.

సరే, డబ్బు పెట్టారనుకుందాం. మీ అరండల్‌పేట ఆఫీసు కోసం ప్రపంచంలోని పెద్ద రూటర్లన్నిటి దారుల పట్టికల్లో ఒక్కో గడి ఖర్చవుతుంది. ఐపీవీ4 పట్టికలో ఇప్పటికే 9 లక్షలకు పైగా దారులున్నాయి. 2014 ఆగస్టు 12న ఆ లెక్క 5 లక్షల 12 వేలు దాటింది. పాత రూటర్లలో అంతకు మించి పట్టే మెమరీ లేక, చాలా చోట్ల నెట్ తడబడింది. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను, మధ్యాహ్నం భోజనం రాత్రి చేశాను. అందుకే ప్రతి ఆఫీసుకీ బీజీపీ అంటే నాకు ఒళ్లు మంట.

హాఫ్_నాలెడ్జ్ · 10:34

ఆఫీసుకే ఇలా అంటే, జేబులో ఫోన్‌కి బీజీపీ పెట్టుకుంటే?

రూటింగ్_రావు · 10:41

నవ్వకు, ఫోన్‌కి కాదు కానీ విమానానికి పెట్టారు. 2000ల మొదట్లో బోయింగ్ వాళ్ల కనెక్సియన్ అని విమానాల్లో నెట్ ఇచ్చే సర్వీస్ ఉండేది. ఒక్కో విమానానికి ఒక స్లాష్ 24. విమానం ఒక గ్రౌండ్ స్టేషన్ పరిధి దాటి ఇంకోదాంట్లోకి వస్తే, అక్కడి ప్రకటన వెనక్కి తీసుకుని ఇక్కడ ప్రకటించేవాళ్లు. విమానం ఎగిరితే భూమ్మీద రూటింగ్ పట్టికలు కదిలేవి! పనిచేసింది కూడా. 2006లో మూసేశారు, అది వ్యాపారం గిట్టక. కొన్ని విమానాలు కాబట్టి సరిపోయింది. కోట్ల ఫోన్లకి అదే చేస్తే ఇంటర్నెట్ ఉండదు.

పాత_ఆర్పానెట్ · బుధవారం ఉదయం 6:15

మీ ప్రశ్న వయసు యాభై ఏళ్ల పైమాటే అమ్మా.

ఇంటర్నెట్‌కి ముందు తరమైన ఆర్పానెట్ తొలి రోజుల్లో కంప్యూటర్ అడ్రస్ ఎనిమిది బిట్లు. ఆరు బిట్లు ఏ ఐఎంపీ అని (ఇప్పటి రూటర్‌కి తాత), రెండు బిట్లు దాని మీద ఎన్నో పోర్టు అని. అంటే ఆ అడ్రస్ కంప్యూటర్‌ది కాదు, వైరు గుచ్చిన బొక్కది. 1972లో అమెరికాలోని టింకర్ ఎయిర్ ఫోర్స్ బేస్ వాళ్లు ఒకటి పోయినా ఒకటి ఉంటుందని రెండు ఐఎంపీలకు కలపమన్నారనీ, ఈ పొరపాటు అప్పుడే తెలిసొచ్చిందనీ ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన జాన్ డే చెబుతుంటారు. రెండు వైర్లు గుచ్చితే నెట్‌వర్క్ కంటికి అవి రెండు కంప్యూటర్లు! మీ ఆఫీసుదీ అదే కథ.

1982లో ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్ట్‌జర్ దీని మీద ఒక వ్యాసం రాశారు. అది 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1498గా మళ్లీ వచ్చింది. ఆయన లెక్కలో ఇవి నాలుగు వేర్వేరు సంగతులు: సేవ, దాన్ని నడిపే యంత్రం, ఆ యంత్రం నెట్‌వర్క్‌కి తగులుకున్న చోటు, అక్కడికి దారి. ఒక్కోదానికీ ముడి ఉంటుంది, ఆ ముడి విప్పి ఇంకోచోట కట్టుకునే వీలుండాలి. ఐపీలో యంత్రానికీ చోటుకీ ఒకటే పేరు పెట్టి ఊరుకున్నాం.

మన ఇంటిపేర్లు చూడండి. చాలావరకు ఊరి పేర్లే. ఎప్పుడో అది చిరునామా. ముత్తాతలు ఊరు వదిలాక ఒట్టి పేరుగా మిగిలింది, మనిషి ఎక్కడికెళ్లినా వెంట వస్తుంది. ఐపీది దానికి తిరగేసిన పద్ధతి. ఇల్లు మారగానే ఇంటిపేరు కూడా మార్చేస్తారు, పాత పేరుతో ఇచ్చిన అప్పులన్నీ ఎగిరిపోతాయి.

టాలీ_అక్క · 8:55

మాస్టారూ, ఇది మాత్రం చక్కగా అర్థమైంది. సీను గారూ, చూశాను, మీరన్నట్టు టీసీపీ మోడే. కానీ యాభై ఏళ్ల కిందటే తెలిస్తే ఇప్పటిదాకా ఎవరూ సరిచేయలేదా?

రూటింగ్_రావు · 9:20

ప్రయత్నించని వాళ్లెవరమ్మా! 2006 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐఏబీ (ఇంటర్నెట్ నిర్మాణాన్ని పర్యవేక్షించే బోర్డు) ఇదే గోల మీద ప్రత్యేకంగా సమావేశం పెట్టింది. ఆ చుట్టుపక్కల సంవత్సరాల్లో వరసగా కొత్త పద్ధతులు వచ్చాయి: హిప్, షిమ్6, లిస్ప్, ఐఎల్‌ఎన్‌పీ. అన్నిటిదీ మాస్టారు చెప్పిన మందే, పేరు వేరు చేయి, చోటు వేరు చేయి. హిప్‌లో అయితే మీ పేరు ఒక క్రిప్టో తాళంచెవి. దొంగ ఎవడూ మీ పేరు చెప్పుకోలేడు.

పేరునూ చోటునూ విడదీయడం తేలిక. ఈ పేరుగల మనిషి ఈ క్షణాన ఏ చోట ఉన్నాడో ఎవర్ని అడగాలి? ఆ చిట్టా ఎవరు రాయాలి, ఎవరు దిద్దాలి, ఎవరు నమ్మాలి? అసలు కష్టం అక్కడుంది.

సాకెట్_సీను · 9:47

> అసలు కష్టం అక్కడుంది.

రావు గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోను. చిట్టా కష్టమే కానీ డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరు ఇస్తే ఐపీ అడ్రస్ చెప్పేది) లాంటి చిట్టా నడుపుతున్నాం కదా. ఐఎల్‌ఎన్‌పీ దాన్నే వాడుకుంది కూడా. నా దృష్టిలో అవి పాకకపోవడానికి కారణం వేరు: ఖర్చు పెట్టేవాడు ఒకడు, లాభపడేవాడు ఇంకొకడు. షిమ్6 నా మెషీన్‌లో పెట్టుకున్నా అవతలి సర్వర్‌లో లేకపోతే వృథా. పట్టిక చిన్నదైతే లాభం మీలాంటి పెద్ద ఆపరేటర్లకి, దానికోసం సామాను మార్చుకోవాల్సింది అక్క ఆఫీసులాంటి వాళ్లు. ఎందుకు మారుస్తారు?

టీసీపీకి బదులు వాడదగ్గ ఎస్‌సీటీపీ సంగతే చూడండి. 2000లోనే వచ్చింది. ఒకే కనెక్షన్‌కి రెండు వైపులా రెండేసి అడ్రస్‌లు పెట్టుకోవచ్చు, ఒకటి పోతే ఇంకోదాంట్లో సాగుతుంది. సరిగ్గా అక్క అడిగిందే! కానీ ఇళ్లలో నాట్ పెట్టెలకి (లోపలి మెషీన్లన్నిటినీ ఒకే బయటి అడ్రస్‌తో చూపించే రూటర్లు) టీసీపీ, యూడీపీ (చేరిందో లేదో చూడకుండా పంపే తేలిక పద్ధతి) తప్ప మూడోది వస్తే అర్థం కాదు, పారేస్తాయి.

డల్లాస్_నుంచి · 10:02

సీను, చిన్న సవరణ. ఎస్‌సీటీపీ చావలేదు, జనానికి కనపడదంతే. 4జీ, 5జీల్లో టవర్‌కీ కోర్ నెట్‌వర్క్‌కీ మధ్య కంట్రోల్ సంభాషణంతా దాని మీదే. నాకు తిండి పెట్టేది అదే.

టాలీ అక్కా, మీ మెట్ల కాల్ సంగతి నేను చెబుతాను. గుంటూరులో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగేలోపు ఎన్నో టవర్లు మారతాయి. అయినా మీ ఫోన్ అడ్రస్ మామూలుగా మారదు. ఎందుకంటే ఆ అడ్రస్ అసలు టవర్ దగ్గర లేదు, ఆపరేటర్ గేట్‌వేలో (బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం) ఉంది. గేట్‌వే నుంచి టవర్ వరకు జీటీపీ అనే సొరంగం (ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి). మీరు టవర్ మారితే సొరంగం కొసని ఇంకో టవర్‌కి తగిలిస్తాం. బయట ప్రపంచానికి మీరు కదిలినట్టే తెలియదు.

1996లో చార్లెస్ పెర్కిన్స్ 2002 నంబర్ ఆర్‌ఎఫ్‌సీలో రాసిన మొబైల్ ఐపీ కూడా ఈ తరహాదే. సొంతూరిలో హోమ్ ఏజెంట్ అని ఒకడుంటాడు, మీకొచ్చినవి మీరున్న చోటికి పంపిస్తాడు. ఇబ్బంది ఏంటంటే, హోమ్ ఏజెంట్ హైదరాబాద్‌లో ఉండి మీరు బెంగళూరు వెళ్తే, పక్క టేబుల్ వాడు మీకు పంపిన ఫైల్ హైదరాబాద్ వెళ్లి తిరిగొస్తుంది. ఇంకోటి, పరాయి నెట్‌వర్క్‌లో కూర్చుని సొంతూరి అడ్రస్‌తో ప్యాకెట్ పంపితే అక్కడి ఆపరేటర్ దొంగ అడ్రస్ అనుకుని ఆపేస్తాడు. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2827 అలా ఆపమనే చెబుతుంది, అది తప్పు కూడా కాదు. తిరుగు ప్రయాణాన్నీ సొరంగంలోంచే పంపాల్సి వచ్చింది.

ఇక వైఫైకి మారితే గేట్‌వేనే వేరే కంపెనీది. ఈ కంపెనీ సొరంగం కొస ఆ కంపెనీ ఇంట్లో ఎలా తగిలిస్తాం? ఆపరేటర్ ఇచ్చే వైఫై కాలింగ్‌లో మాత్రం ఫోన్ వైఫై మీదుగా ఐపీసెక్ అనే తాళం వేసిన సొరంగం తవ్వి మళ్లీ అదే ఆపరేటర్ దగ్గరికే వస్తుంది. అందుకే ఆ కాల్ నిలబడుతుంది, యాప్ కాల్ తడబడుతుంది.

ప్రైవసీ_పద్మ · 12:10

అందరూ "మారని పేరు ఉంటే బాగుండు" అంటున్నారు. ఎవరికి బాగుంటుందో ఆలోచించారా?

ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్‌లు) మొదట్లో అడ్రస్ చివరి 64 బిట్లు నెట్‌వర్క్ కార్డు మ్యాక్ నంబర్ (తయారీలోనే కార్డుకి వేసే గుర్తు) నుంచి తయారయ్యేవి. కాఫీ షాపులో ఎక్కినా, ఆఫీసులో ఎక్కినా, అత్తగారింట్లో ఎక్కినా చివరి సగం అదే. ఎవరైనా పోల్చి చూసుకుంటే మీరెక్కడ తిరిగారో మొత్తం దొరుకుతుంది. అందుకే 2001లోనే ఆర్‌ఎఫ్‌సీ 3041తో తరచూ మారే తాత్కాలిక అడ్రస్‌లు తెచ్చారు. పేరు ఉండాలి, కానీ అది నేను మాట్లాడుతున్న మనిషికే తెలియాలి. దారిలో ప్రతి పెట్టెకీ చదివి వినిపించక్కర్లేదు.

పాత_ఆర్పానెట్ · 12:38

పద్మ గారూ, మంచి మాట. సాల్ట్‌జర్ కాలంలో మాకు ఈ భయమే లేదు. నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

సాకెట్_సీను · మధ్యాహ్నం 2:05

పద్మ చెప్పింది క్విక్‌లో (టీసీపీకి బదులు బ్రౌజర్లు వాడే కొత్త పద్ధతి) నిజంగా చేశారు. 2012 ప్రాంతంలో గూగుల్‌లో జిమ్ రోస్కిండ్ మొదలుపెట్టినది, 2021 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9000 అయింది.

ఇందులో కనెక్షన్‌కి సొంత నంబర్ ఉంటుంది, 20 బైట్ల వరకు. అడ్రస్ మారినా ఆ నంబర్ చూసి సర్వర్ గుర్తుపడుతుంది. ఊరికే నమ్మదు. కొత్త అడ్రస్‌కి గుర్తుతెలియని 8 బైట్లు పంపి, అవే తిరిగొస్తే అప్పుడు ఆ దారిలో మాట్లాడుతుంది. లేకపోతే ఎవడో ఇంకొకడి అడ్రస్ ఇచ్చి వాడి మీదకి వరద వదలొచ్చు. పైగా ఆ నంబర్లు ముందే కొన్ని రహస్యంగా ఇచ్చిపుచ్చుకుని ఉంచుకుంటారు. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకి వెళ్లినప్పుడు కొత్త నంబర్ తీస్తుంది. దారిలో చూసేవాడికి ఈ రెండూ ఒకే మనిషివని తెలియదు.

ఇది యూడీపీ మీద కూర్చుంటుంది కాబట్టి నాట్ పెట్టెలకి కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, బ్రౌజరూ గూగుల్ వాళ్లదే, సర్వరూ వాళ్లదే. రెండు కొసలూ ఒకే చేతిలో ఉన్నాయి, ఎవర్నీ బతిమాలే పని లేదు. 2013లో యాపిల్ సిరికి మల్టీపాత్ టీసీపీ పెట్టినప్పుడూ ఇదే కిటుకు. వైఫై, మొబైల్ రెండిటి మీదా ఒకే సంభాషణ. ఫోనూ వాళ్లదే, సిరి సర్వరూ వాళ్లదే. నేను పొద్దున చెప్పిన ఖర్చు లెక్క అదే.

అక్కా, మీ యూట్యూబ్ ఆగకపోవడానికి దీనికన్నా పెద్ద కారణం, పాట ముందే కొంత దిగిపోయి ఉండటం. క్విక్‌కి అంత క్రెడిట్ ఇవ్వను.

రూటింగ్_రావు · 2:31

క్విక్‌నీ మరీ ఎత్తకు తమ్ముడూ. మారగలిగేది ఫోన్ వైపే, సర్వర్ ఇష్టమొచ్చినట్టు మారలేదు. సర్వర్ల ముందు కూర్చునే లోడ్ బ్యాలెన్సర్ పాత నాలుగంకెలు చూసే పంచేదైతే, కొత్త అడ్రస్‌తో వచ్చిన ప్యాకెట్‌ని వేరే సర్వర్‌కి తోసేస్తుంది. అందుకే "నా దగ్గర మారొద్దు" అని సర్వర్ ముందే చెప్పే సెట్టింగ్ కూడా అందులో పెట్టారు. కొన్ని ఆఫీసుల ఫైర్‌వాల్‌లలో అయితే యూడీపీ 443 (క్విక్ వాడే పోర్టు) మూసే ఉంటుంది.

సరే, అమ్మాయి పని చూద్దాం. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టించండి. లోపల మీ మెషీన్‌కి 10.8.0.6 అని ఒక అడ్రస్ ఉంటుంది, అది ఎప్పటికీ మారదు, రిమోట్ డెస్క్‌టాప్ చూసేది దాన్నే. బయట అడ్రస్ ఏదైనా కానీ. సరైన తాళంచెవితో ప్యాకెట్ ఎక్కడి నుంచి వస్తే, సర్వర్ ఇకనుంచి అక్కడికే జవాబు పంపుతుంది. లోపలిది పేరు, బయటిది చోటు. కీప్ అలైవ్ 25 సెకన్లు పెట్టండి.

టాలీ_అక్క · శనివారం రాత్రి 8:17

అప్‌డేట్. క్లయింట్ వైపు కుర్రాడు గురువారం వైర్‌గార్డ్ పెట్టాడు. ఇవాళ ఆఫీసులో ఎవరూ లేనప్పుడు నేనూ మా అటెండర్ బాబాయీ కూర్చుని పరీక్ష చేశాం. నేను టాలీలో వోచర్ ఎంట్రీ చేస్తుంటాను, బాబాయి మొదటి లైన్ వైరు పీకుతాడు.

మొదటిసారి: పోయింది. రెండు నిమిషాలు చూశాను, రాలేదు. ఏడుపొచ్చింది.

రూటింగ్_రావు · 8:24

రూటర్‌లో "లైన్ మారినప్పుడు పాత సెషన్లు తుడిచేయి" అనేలాంటి ఆప్షన్ ఉంటుంది, వెతుకు. లేకపోతే రూటర్ పాత నాట్ లెక్కనే పట్టుకుని, చచ్చిన లైన్ అడ్రస్‌తో ప్యాకెట్లని రెండో లైన్‌లోకి తోస్తుంది. రెండో కంపెనీ వాడు "ఇది నా అడ్రస్ కాదు" అని పారేస్తాడు, డల్లాస్ వాళ్లు చెప్పిన ఆ 2827 తనిఖీయే. కీప్ అలైవ్ ప్రతి 25 సెకన్లకీ ఆ పాత లెక్కకి ఊపిరి పోస్తూ ఉంటుంది కాబట్టి దానంతటది పోదు కూడా.

టాలీ_అక్క · 9:40

దొరికింది సార్! అడ్వాన్స్‌డ్ పేజీలో అట్టడుగున ఉంది. టిక్ పెట్టాక కర్సర్ నలభై సెకన్ల పైన ఆగి, మళ్లీ కదిలింది. వీపీఎన్ ఎవరూ ముట్టుకోలేదు. సగం కొట్టిన వోచర్ అలాగే ఉంది. బాబాయి చప్పట్లు కొట్టాడు, ఎందుకో ఆయనకి తెలియదు.

నలభై సెకన్లు ఎందుకు?

సాకెట్_సీను · 9:48

రూటర్ లైన్ బతికుందో లేదో ఎన్ని సెకన్లకోసారి చూస్తోంది? పది సెకన్లకోసారి పింగ్, మూడుసార్లు తప్పితేనే పోయినట్టు అని ఉంటే అక్కడే ముప్ఫై. ఆ పైన లోపలి టీసీపీ రెట్టింపు రెట్టింపు ఆగే అలవాటు వల్ల ఇంకో పది. పింగ్ రెండు సెకన్లకి తగ్గించండి. మరీ ఒకటి పెట్టొద్దు, వానాకాలం లైన్ కొట్టుకుంటుంటే రూటర్ అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది.

టాలీ_అక్క · 10:20

రెండు పెట్టాను. ఎనిమిది సెకన్లు. అందరికీ దండాలు.

ఇంకొక్కటి. మా ఆఫీసులోనే ఒక ఫైల్ సర్వర్ ఉంది, క్లయింట్లు బయటి నుంచి బిల్లులు అందులో వేస్తారు. మొదటి లైన్ స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్) వాళ్లకి ఇచ్చాం. ఆ లైన్ పోతే?

రూటింగ్_రావు · 10:26

అది పోయినట్టే. మీరు బయటికి వెళ్లడం వేరు, మిమ్మల్ని వెతుక్కుంటూ ఒకరు రావడం వేరు. ఐపీ ఇవ్వొద్దు, డీఎన్‌ఎస్ పేరు ఇవ్వండి. దాని టీటీఎల్ (ఆ జవాబుని ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పేది) 60 సెకన్లు పెట్టి, లైన్ పోతే రెండో లైన్ అడ్రస్‌కి మార్చే స్క్రిప్ట్ రాయించండి. రెండో లైన్‌కి బయటి నుంచి రాగలిగే సొంత పబ్లిక్ అడ్రస్ ఉందో లేదో ముందు కనుక్కోండి. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు చాలామంది ఇవ్వడం లేదు. దానికి సోమవారం కొత్త థ్రెడ్ పెట్టు, ఇప్పుడు నిద్రొస్తోంది.